పదిహేడు రోజులు మోగిన ఫోను

ఆమె అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఆనకట్ట వెనక జలాశయంలో నీటిమట్టం కొలిచే గేజీ దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది కాబట్టి అందరికీ ఆమె గేజమ్మ. రోజూ పొద్దున ఐదున్నరకు మెట్లు దిగి, పాచి పట్టిన ఆఖరి మెట్టు మీద కాళ్ళు ఎడంగా వేసి నిలబడి, రాతిమీది తెల్ల అంకెల్లో నీళ్ళు ఏ అంకె దగ్గర ఆడుతున్నాయో చూసేది. పైకొచ్చి రిజిస్టర్లో రాసేది. సరిగ్గా ఆరింటికి ఫోను తీసి పరాయి దేశానికి చెప్పేది.

ఆ నది ఆనకట్ట దాటాక నలభై మైళ్ళు పారి సరిహద్దు దాటుతుంది. దాటగానే ఒడ్డును ఆనుకుని ఏడు ఊళ్ళు. రెండు దేశాల మతాలు వేరు, మూడు తరాలుగా ఉప్పూ నిప్పూ. భాష మాత్రం నదికి ఎగువనా దిగువనా ఒకటే. రెండుసార్లు యుద్ధం జరిగినా, రాయబారులు పెట్టేబేడా సర్దుకుని వెళ్ళిపోయినా, ఈ ఆరుగంటల ఫోను మాత్రం ఆగలేదు. నీళ్ళకు పాస్‌పోర్టు అడగలేమని ఏ తరంలోనో ఎవరో బుద్ధిమంతులు ఒప్పందం రాసుకున్నారు.

అవతల ఫోను ఎత్తేది ఒక గొంతు. పన్నెండేళ్ళుగా అదే గొంతు.

"చెప్పు చెల్లెమ్మా."

"పద్దెనిమిది అడుగుల నాలుగంగుళాలు అన్నయ్యా. గేట్లన్నీ మూసే ఉన్నాయి."

"పద్దెనిమిది నాలుగు. మూసే ఉన్నాయి. రాసుకున్నా. అవునూ, నిన్న మీ నీళ్ళు మరీ బురదగా వచ్చాయే, కాస్త కడిగి పంపలేకపోయారా?"

"కడిగితే మీకు ఒండ్రెక్కడిది? ఊరికే వచ్చిన మట్టికి కూడా వంకలే!"

సర్కారు పని మొదటి అరనిమిషంతో అయిపోయేది. రెండో అరనిమిషంలో పన్నెండేళ్ళ చుట్టరికం పెరిగింది. భార్య మోకాలికి ఆపరేషనైన సంగతి ఆయన చెప్పేవాడు. "మీ వదిన" అనేవాడు ఆవిడని. అత్తగారి చెవి మిషను ఎలా కూస్తుందో గేజమ్మ కూసి వినిపించేది. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఆ అవసరమూ రాలేదు.

ఆ ఏటి ఎన్నికల్లో ఎవరికీ పూర్తి బలం రాలేదు. పదకొండు సీట్లున్న ధర్మమండలి భుజం పట్టుకుని ప్రభుత్వం నిలబడింది. మండలి పెద్ద మంత్రి పదవి అడగలేదు. విదేశాంగ శాఖలో ఒక సలహా సంఘం పెట్టించుకుని దానికి అధ్యక్షుడయ్యాడు. పొరుగుదేశానికి చీటీ ముక్క రాయాలన్నా ఆ సంఘం తలూపాలి. అవతలి దేశంలోనూ ఇదే తంతు. అక్కడ ప్రధాన గురువు అని ఒకాయన ఉన్నాడు, అధ్యక్షుడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఫొటో దిగాడు. ఆ ఏడు ఊళ్ళ వెనకున్న కొండమీద గేజమ్మ మతం వాళ్ళ పాత మందిరం ఒకటుంది. గురువు దానికి తాళం వేయించాడు. మండలి పెద్ద ఇక్కడ మైకు ముందు పిడికిలి బిగించాడు.

మర్నాడు గేజమ్మ పై అధికారి, ఇంజనీరుగారు, ఒక కాగితం తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. నీటిమట్టాల వివరాలు ఇకపై అవతలి దేశానికి తెలపరాదు, అటునుంచి వచ్చే ఫోను ఎత్తరాదు. కింద సలహా సంఘం సిఫారసు, మంత్రి సంతకం.

"మందిరం తాళానికీ నీటిమట్టానికీ ఏం సంబంధం సార్?"

"సంబంధాలు నన్నడక్కమ్మా. పైనుంచి వచ్చింది."

"పైనుంచంటే? మంత్రి దగ్గర్నుంచా, దేవుడి దగ్గర్నుంచా?"

ఇంజనీరుగారు తలుపువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈమధ్య రెండు ఆఫీసులూ ఒక్కచోటే పెట్టార్లే. నీకు పెన్షను ఇంకా ఎనిమిదేళ్ళుంది, నాకు మూడేళ్ళుంది. ఊరుకో."

ఆమె ఊరుకుంది.

మర్నాడు ఆరుంబావుకు ఫోను మోగింది. పదకొండుసార్లు మోగి ఆగింది. మళ్ళీ ఏడింటికి మోగింది. ఆ మర్నాడూ అంతే. గేజమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తలుపు తడుతున్న తోడబుట్టినవాణ్ణి లోపల్నుంచి చూస్తూ గడియ తీయకుండా ఉన్నట్టు ఉండేది ఆమెకు. ఎనిమిదో రోజున ఫోనుమీద తువ్వాలు కప్పింది. తువ్వాలు కిందనుంచి కూడా మోగింది.

ఇంట్లో ఆ మాటెత్తితే మొగుడితో గొడవే. అతనికి మోటారు వైండింగ్ కొట్టు ఉంది, అందరూ మేస్త్రి అంటారు. మంచివాడే, పక్కింటి పంపు కాలిపోతే కూలి అడక్కుండా బాగుచేస్తాడు. కానీ ఆదివారం వచ్చిందంటే మండలి జెండా పట్టుకుని "తాళం తియ్యండి" అని ఊరేగింపుకు పోతాడు.

"మన మందిరానికి తాళం వేస్తే మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా?" అన్నాడు అన్నం తింటూ.

"తాళం వేసింది వాళ్ళ గురువు. ఆయన ఉండేది రాజధానిలో మేడమీద. వరదొస్తే మునిగేది ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళు. అత్తమీద కోపం దుత్తమీద చూపించినట్టుంది మీ మండలి వరస."

"ఎవరే అత్తమీద కోపం అంటోంది?" అంది మూలనుంచి అత్తగారు చెవి మిషను సర్దుకుంటూ.

"మీమీద కాదత్తయ్యా. దేవుడి సంగతి మాట్లాడుతున్నాం."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మా అమ్మ అనేది. ఇప్పటి వీళ్ళు వరం సంగతి దేవుడెరుగు, నీళ్ళ కబురు కూడా ఇచ్చేట్టు లేరు," అంది ఆవిడ. మేస్త్రి కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పదిహేడో రోజుకు నాలుగు రోజులుగా వాన. ఐదున్నరకు గేజమ్మ దిగబోతే మెట్లు సగం లేవు. ముప్ఫై ఒక్క అడుగులు. ఆమె ఉద్యోగంలో చేరాక ఇరవై ఎనిమిది దాటడం చూడలేదు. జలాశయం గొంతుదాకా నిండింది. ఉంచితే ఆనకట్ట తెగుతుంది. ఆరూ పదికి గేట్ల మెకానిక్ పద్నాలుగు గేట్లూ ఎత్తాడు. ఆఫీసు గది కిటికీ అద్దాలు వణికాయి.

ఆ నీళ్ళు మొదటి ఊరు చేరడానికి ఎనిమిది గంటలు. మధ్యాహ్నం రెండు.

ఇంజనీరుగారు పాపం ప్రయత్నించాడు. రాజధాని కంట్రోలు రూముకు ఫోను చేశాడు. వాళ్ళు విదేశాంగ శాఖను అడగమన్నారు. విదేశాంగ శాఖలో డ్యూటీ ఆఫీసరు, ఈ విషయం సలహా సంఘం పరిధిలోది అన్నాడు. సలహా సంఘం కార్యదర్శి చాలా మర్యాదగా మాట్లాడాడు. అధ్యక్షులవారు మహాప్రార్థనలో ఉన్నారు, పన్నెండింటికి ముగుస్తుంది, ముగియగానే విన్నవిస్తాను అన్నాడు.

"దేనికండీ ఆ ప్రార్థన?" అంది గేజమ్మ.

ఇంజనీరుగారు అదే ప్రశ్న ఫోనులో అడిగి, జవాబు విని, ఫోను పెట్టేశాడు. "లోక కల్యాణానికట."

గేజమ్మ లేచి నిలబడింది. "వాళ్ళ లోక కల్యాణం మండిపోను! పన్నెండింటికి ఆయన కళ్ళు తెరిచి, ఒంటిగంటకు ఫైలు చూసి, రెండింటికి సరే అంటే, శవాలకు చెప్పమంటారా సార్ కబురు?"

 ఇంజనీరుగారు గొడుగు తీసుకుని, "గేట్లు చూసొస్తా. గంట పడుతుంది," అని ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయన చేయగలిగింది అంతే. తరువాత విచారణలో, ఆ గంటలో గదిలో ఏం జరిగిందో తనకు తెలియదన్నాడు.

ఏడూ ఇరవైకి ఆమె తువ్వాలు లాగి పారేసి ఫోను తీసింది. మొదటి రింగుకే ఎత్తారు.

"అమ్మయ్య! లైను బాగైందా చెల్లెమ్మా? పదిహేడు రోజులుగా లైన్‌మన్ల కాళ్ళు పట్టుకుంటున్నా!"

 లైను ఏ రోజూ పాడవలేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "రాసుకో అన్నయ్యా. ముప్ఫై ఒకటి. పద్నాలుగు గేట్లు, ఆరూ పదికి ఎత్తారు. రెండింటికల్లా మొదటి ఊళ్ళో ఉంటాయి నీళ్ళు."

"పద్నాలుగూనా?"

"పద్నాలుగూ."

అవతల కలం కిందపెట్టిన చప్పుడు వినిపించింది. "ముప్ఫై ఒకటి. పద్నాలుగు. రాసుకున్నా. కానీ ఇక్కడ ఎవరూ నమ్మరు చెల్లెమ్మా. పోయిన వారం గురువు చెప్పాడు, అవతలివాళ్ళు వరదని బెదిరించి ఊళ్ళు ఖాళీ చేయించి కొండమీది మందిరం పట్టుకుంటారు, కదిలినవాడు మతద్రోహి అని. మా ఆఫీసులో చెబితే రాజధాని నుంచి జవాబు వచ్చేదాకా నన్ను కుర్చీలోంచి లేవనివ్వరు."

"మరెట్లా?"

"మోటారు సైకిలుంది. ఏడు ఊళ్ళూ నా ముఖం ఎరిగినవాళ్ళే. నేనే పోతా."

"వదినకి చెప్పి వెళ్ళు."

"చెబితే ఎక్కడ వెళ్ళనిస్తుంది?" అని నవ్వాడు. ఆమె తన ఇంటి నంబరు చెప్పింది. అది కూడా అంకె అంకె తిరిగి చదివి రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే గేజమ్మను సస్పెండ్ చేశారు. శత్రుదేశానికి రహస్య సమాచారం చేరవేసిందని కేసు పెట్టారు. మూడోరోజు టీవీలో మండలి పెద్ద కనిపించాడు. "మందిరానికి తాళం వేసిన చేతులకు దేవుడే నీళ్ళతో బుద్ధి చెప్పాడు," అన్నాడు. అదే రోజు అవతలి గురువు, ఇది భక్తి తగ్గినందుకు వచ్చిన పరీక్ష అన్నాడు. ఎంతమంది పోయారో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. గేజమ్మ చేతిలోని గరిటె టీవీ మీదికి విసిరింది. అద్దం పగిలింది. మేస్త్రి చీపురు తెచ్చి ముక్కలు ఎత్తాడు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం ఇంటి ఫోను మోగింది. ఒక ఆడగొంతు, తడి లేని గొంతు.

"ఆయన రిజిస్టర్లో చివరి పేజీలో ఈ నంబరుంది. గేజీ దగ్గర ఆవిడ మీరేనా?"

ఐదు ఊళ్ళు ఆయన మాట విని పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో మిట్టకు చేరాయి. ఆరో ఊళ్ళో గురువు మనుషులు మోటారు సైకిలుకు అడ్డం నిలబడ్డారు. ఈ కబురు ఎవరిచ్చారని అడిగారు. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. గూఢచారి అని చేతులు కట్టి ధాన్యం గోదాములో పెట్టి తాళం వేశారు. ఆరో ఊరు, ఏడో ఊరు కదల్లేదు. రెండు ఊళ్ళలో, గోదాములోని ఆయనతో కలిపి, రెండువందల పద్నాలుగు మంది పోయారు. తాళం వేసినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

"మీకు తెలియాలని చేశాను," అని ఆవిడ పెట్టేసింది.

విచారణకు ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన జడ్జి, ఒకాయన సైన్యం, మూడో ఆయన మండలి మనిషి. మొదటి ప్రశ్న మండలి మనిషే వేశాడు.

"మీరు క్రమం తప్పకుండా ప్రార్థనకు వస్తారా?"

"నేను క్రమం తప్పకుండా గేజీ చూస్తానండి. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు."

"అవతలి మనిషిని అన్నయ్య అనేవారట. పరమతం వాడితో ఏం వరస?"

"వరస కలిపింది సర్కారే. రోజూ మాట్లాడమని జీతమిచ్చింది."

"దైవనిర్ణయానికి అడ్డుపడ్డాననే ఆలోచన మీకు లేదా?"

గేజమ్మ బల్లమీద చెయ్యి వేసి కొట్టింది. మంచినీళ్ళ గ్లాసు దొర్లింది. "గేట్లు ఎత్తింది దేవుడు కాదండీ! మెకానిక్. ఆరూ పదికి. లాగ్ పుస్తకంలో సంతకం ఉంది. కబురు ఆపిందీ దేవుడు కాదు, మంత్రి. ఆ సంతకమూ ఉంది. మీరు చేసిన పాపాలన్నీ ఆయన నెత్తిన రుద్దుతారెందుకు? ఆయనకి ఎదురు చెప్పే నోరు లేదనేగా?"

జడ్జి, సైన్యం ఆయన కిందికి చూశారు. ఉద్యోగం తీసేస్తున్నట్టు నెలలో ఉత్తర్వు వచ్చింది. పెన్షను లేదు. కేసు అలాగే ఉంచారు.

మండలి వాళ్ళు మేస్త్రి కొట్టు బోర్డు పీకి కాల్వలో పారేశారు. ఇంటిమీదికి వచ్చినవాళ్ళను అత్తగారు గుమ్మంలో నిలబడి, చెవి మిషను తీసి చేతిలో పట్టుకుని, "మీరేమన్నా నాకు వినబడదు, నేనన్నది మాత్రం మీరు వినే పోవాలి," అని వాళ్ళ ఏడుతరాలనూ దులిపేసింది.  చీకటిపడే వేళ మేస్త్రి పెళ్ళాం పక్కన వచ్చి కూర్చున్నాడు.

"నువ్వు చేసింది తప్పని అననే. ఒప్పని బజార్లో అనే ధైర్యం మాత్రం నాకు లేదు."

"లేదని తెలుసు," అంది ఆమె.

ఆరునెలలు తిరక్కుండానే ప్రపంచం తలకిందులైంది. ఏదో మూడో దేశం మధ్యవర్తిత్వం చేసింది. మండలి పెద్ద, ప్రధాన గురువు టీవీలో కౌగిలించుకున్నారు. మందిరం ఏటా మూడు రోజులు తెరుస్తారట. సద్భావన కానుకగా నీటిమట్టాల సమాచారం మళ్ళీ ఇస్తారట. కానుక! ఆ మాట వినగానే గేజమ్మకు అరికాలిమంట నెత్తికెక్కింది. రెండువందల పద్నాలుగు మంది ఊసు ఒప్పందంలో ఎక్కడా లేదు.

ఆమె మొగుడి దగ్గరికి వెళ్ళింది. "మొదటి విడత యాత్రకు నా పేరు పెట్టించు. మండలిలో ఇంకా నీకు తెలిసినవాళ్ళున్నారుగా."

"నువ్వా? యాత్రకా?"

"సరిహద్దు దాటడానికి భక్తులకే దారి ఉంది. నేనూ భక్తురాలినే అనుకో."

మేస్త్రి నాలుగు రోజులు ఎవరెవరి గుమ్మాలో తొక్కి చీటీ తెచ్చాడు. అసలు పేరుతో రాయించాడు. గేజమ్మ అంటే గుర్తుపట్టేవారు గానీ ఆ పేరు ఎవరికీ తట్టలేదు.

సరిహద్దు దాటాక యాత్రికుల బస్సులు కొండ కింద ఆగాయి. అందరూ ఎక్కసాగారు. ఆమె వెనక్కి తిరిగి ఆటో ఎక్కి, ఆయన ఉండే పట్నం పేరు చెప్పింది.

రెండు గదుల ఇల్లు. గోడకు నల్లబల్ల, దానిమీద సగం చేసిన లెక్క. ఆయన భార్య బడిలో లెక్కల టీచరు. మోకాలు పట్టుకుని మెల్లగా వచ్చి తలుపు తీసింది.

"వదినా, నేను..."

"వదినా అనకు." గొంతు పెంచలేదు ఆవిడ. "ఫోను మోగింది కదా అక్కడ? లైను బాగానే ఉంది కదా?"

గేజమ్మ తలూపింది.

"ఆయన పాడైందనుకున్నాడు. మా చెల్లెమ్మ ఎత్తకపోవడం ఉండదన్నాడు. ఎండలో, వానలో లైన్‌మన్ల చుట్టూ తిరిగాడు. మొదటిరోజే ఎత్తి, కబుర్లు బంద్ చేశారన్నయ్యా అని ఒక్కమాట అని ఉంటే, సరిహద్దు దగ్గర ఏటిని కనిపెట్టడానికి సొంతంగా మనుషుల్ని పెట్టుకునేవాడు. ఊళ్ళవాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకునేవాడు. పదిహేడు రోజులుండేవి ఆయన చేతిలో. నువ్వు ఆరు గంటలు ఇచ్చావు. ఆరు గంటల్లో ఐదు ఊళ్ళు అయ్యాయి. లెక్క నువ్వే వేసుకో."

గేజమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. మంత్రిమీద, మండలిమీద, గురువుమీద ఆరునెలలుగా కాల్చుకుతిన్న కోపం ఇప్పుడు తనవైపు తిరిగింది. తప్పించుకోవాలనిపించలేదు.

"ఎత్తలేదు," అంది. "పెన్షను పోతుందని ఎత్తలేదు. మీరు తిట్టండి. క్షమించమనడానికి రాలేదు నేను."

"మరెందుకొచ్చావు?"

ఆమె పైట లోపల కుట్టుకున్న గుడ్డసంచి విప్పింది. ఫోను ఎత్తరాదన్న ఉత్తర్వు నకలు, సలహా సంఘం సిఫారసుతో, మంత్రి సంతకంతో. ఏడూ ఇరవైకి తాను ఫోను చేసినట్టు రాసిన రిజిస్టరు పేజీ నకలు. సస్పెండ్ చేయకముందే తీసిపెట్టుకుంది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. 

"మా కుటుంబాలం కోర్టుకు వెళ్ళాం," అంది చివరికి. "అసలు కబురే రాలేదని మా ప్రభుత్వం రాసిచ్చింది. ఆయన రిజిస్టరు మాయం చేశారు. కబురు వచ్చింది, వచ్చినా కదలనివ్వలేదు అని చెప్పడానికి నా దగ్గర నా నోరు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఇది ఉంది. కానీ ఇది ఇక్కడ కోర్టులో కనిపిస్తే, అక్కడ నిన్ను బతకనిస్తారా?"

"లోపలేస్తారు. వెయ్యనీ."

ఆవిడ లోపలికి పోయి తెల్లకాగితాలు, కలం తెచ్చి బల్లమీద పెట్టింది. కుర్చీ చూపించింది. మంచినీళ్ళు ఇవ్వలేదు.

"వాంగ్మూలం రాయాలి. నేను రాస్తాను, నువ్వు చెప్పు. ఎక్కడ మొదలుపెడదాం, గేట్లెత్తిన పొద్దునా?"

"కాదు. నేను ఫోను ఎత్తని మొదటిరోజు నుంచి రాయండి."

ఆవిడ ఒక్కక్షణం ఆమె ముఖంలోకి చూసి, కాగితం మీద తారీఖు వేసింది.

మూడోరోజు తిరుగు ప్రయాణంలో, సరిహద్దు గేటు దగ్గర యాత్రికులందరి నుదుళ్ళమీదా మందిరం గుర్తు ఉంది. ఆమె నుదురు ఖాళీగా ఉంది. ఇవతలి కాపలావాళ్ళు పక్కకు రమ్మన్నారు. ఆమె నడుం నిటారుగా పెట్టి వెళ్ళింది. అప్పటికి వాంగ్మూలం అవతలి కోర్టులో దాఖలై పూట గడిచింది.